సోషియాలజీ అరలు ఎలా నింపాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 31 ఏళ్ళు పనిచేశాను. అందులో 19 ఏళ్ళు సమాజశాస్త్రం పుస్తకాల ఎంపిక నా బల్ల మీదే జరిగింది. లైబ్రరీ చదువుకి రాకముందు నేను చదివిందీ సోషియాలజీ ఎంఏనే. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఆ విషయం మీదవే ఎక్కువగా ఉన్నాయి కాబట్టి శీర్షిక మొత్తం వాటికే కేటాయించాను.

ప్రశ్న: కొత్తగా లైబ్రేరియన్‌గా చేరాను. మా దగ్గర సోషియాలజీ ఎంఏ ఈ ఏడే మొదలవుతోంది. పుస్తకాలకు నిధులు వచ్చాయి. శాఖ వాళ్ళు 400 పుస్తకాల పట్టిక పంపారు. చూస్తే ఎక్కువ భాగం పాఠ్యపుస్తకాలే. ఉన్నదున్నట్టు కొనేయమంటారా, మేడమ్?

జవాబు: ఉన్నదున్నట్టు వద్దండి. పట్టిక వేసినవాళ్ళను తప్పుపట్టడం లేదు. తమకు గుర్తున్నవీ, ప్రచురణకర్తల క్యాటలాగుల్లో కంటపడినవీ రాస్తారు. అలా వచ్చే పట్టికలో ‘సమాజశాస్త్ర పరిచయం’ తరహావి పదిహేను ఉంటాయి. ఆ పదిహేనిట్లోనూ ఫ్రెంచ్ సమాజశాస్త్రవేత్త దుర్ఖైమ్ మీద ఇంచుమించు అవే నాలుగు పేజీలు. విద్యార్థి అన్నీ తిరగేసినా ఆ నాలుగు పేజీలు దాటి ముందుకు పోడు.

ఏ సేకరణ చూసినా నేను వేసుకునే ప్రశ్న ఒకటే. పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం చదివి ‘ఈ సంగతి వీళ్ళకెలా తెలిసింది?’ అని అడిగిన పిల్లకి ఈ భవనంలోనే జవాబు దొరుకుతుందా? పాఠ్యపుస్తకం నుంచి మూలగ్రంథానికి, అక్కడి నుంచి ఆ రచయిత వాడిన లెక్కలకీ ఉత్తరాలకీ ఇంటర్వ్యూలకీ దారి ఉందా? సోషియాలజీ విద్యార్థికి లైబ్రరీ చెయ్యగలిగిన మేలు ఆ దారి వెయ్యడమే. పరీక్షకు కావలసిన నోట్సు వాళ్ళు ఎలాగూ సంపాదించుకుంటారు.

ఈ పని చేపట్టిన రెండో ఏడు ఒక అమ్మాయి వచ్చింది. పరిశోధన పద్ధతుల క్లాసులో, బాస్టన్‌లోని ఒక ఇటాలియన్ల పేట మీద విలియం ఫూట్ వైట్ రాసిన ‘స్ట్రీట్ కార్నర్ సొసైటీ’ అనుబంధం చదవమన్నారట. పుస్తకం ఉంది, అనుబంధం లేదు. ఎవరో చింపుకుపోయారనుకుని పేజీలు లెక్కపెట్టాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తర్వాత తేలిందేమిటంటే మా దగ్గరున్నది 1943 నాటి మొదటి ముద్రణ. వైట్ ఆ పేటలోకి ఎలా అడుగుపెట్టాడు, ఎవరు చేరదీశారు, ఎక్కడెక్కడ పొరపాట్లు చేశాడు, చివరికి ఒక ఎన్నికలో దొంగ ఓట్లు ఎలా వేశాడు, ఇవన్నీ దాపరికం లేకుండా చెప్పుకున్న ఆ అనుబంధం 1955 ముద్రణలో చేరింది. మా కార్డులో పుస్తకం ఉన్నట్టే. ఆ అమ్మాయికి మాత్రం లేనట్టే. అప్పటినుంచి పట్టికలో పేరు పక్కన ‘ఏ ముద్రణ?’ అన్న గడి లేకుండా నేను ఏ ఇండెంటూ (పుస్తకాలు కొనమని పంపే కాగితం) పంపలేదు.

అనువాదాల సంగతి ఇంకా ముఖ్యం. సోషియాలజీకి పునాది వేసినవాళ్ళలో ఒకడైన మాక్స్ వెబర్ జర్మన్‌లో రాశాడు, మనం చదివేది ఇంగ్లిష్‌లో. ‘ప్రొటెస్టెంట్ ఎథిక్’ను 1930లో టాల్కాట్ పార్సన్స్ అనువదించాడు. ఆధునిక ఆర్థిక వ్యవస్థ మనిషిని బంధించే తీరుకి పోలికగా అందరి నోటా నలిగిన ‘ఇనుప పంజరం’ ఆయన పెట్టిన మాటే. వెబర్ రాసిన జర్మన్ మాటకి అర్థం ఉక్కులా గట్టిదైన తొడుగు, పెంకు లాంటిది. 2002లో వచ్చిన బేర్, వెల్స్ అనువాదంలో ‘ఉక్కంత గట్టి పెంకు’ అనే ఉంటుంది. పంజరంలో ఉన్నవాడు తలుపు తెరిస్తే బయటికి వస్తాడు. నత్త గుల్లలోంచి ఎలా వస్తుంది? ఒక్క మాటతో వాదమే మారిపోతుంది. అందుకే రెండు అనువాదాలూ పక్కపక్కన ఉండాలి. దుర్ఖైమ్ 1912లో రాసిన మతం మీది పుస్తకానికీ అంతే. 1915 నాటి స్వెయిన్ అనువాదం ఉంటే 1995 నాటి కారెన్ ఫీల్డ్స్ అనువాదం కూడా తెప్పించండి. ఒకే పుస్తకానికి రెండుసార్లు డబ్బు ఎందుకని ఆడిట్‌లో అడుగుతారు. ఇండెంట్ మీదే కారణం రాసిపెట్టుకోండి. నేనలాగే చేసేదాన్ని.

ఎన్ని ప్రతులు కొనాలన్నది తర్వాతి మాట. లైబ్రరీ వాడకంలో 80 శాతం 20 శాతం పుస్తకాల మీదే నడుస్తుందని రిచర్డ్ ట్రూస్‌వెల్ 1969లో రాశాడు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో అలెన్ కెంట్ బృందం చేసిన అధ్యయనం 1979లో అచ్చయింది. అక్కడ 1969లో కొన్న పుస్తకాల్లో దాదాపు 40 శాతం ఏడేళ్ళలో ఒక్కసారి కూడా బయటికి వెళ్ళలేదు. ఈ అంకెలు చూసి ‘అడిగినవే కొందాం’ అనేవాళ్ళుంటారు. నేను ఒప్పుకోను. ఎనిమిదో ఏట మొదటిసారి ఒకరి చేతికి వెళ్ళి ఒక థీసిస్‌కి దారి చూపిన పుస్తకాలు నాకు తెలుసు. నేను పాటించింది ఇది: క్లాసులో వారం వారం చదివే పాతిక, ముప్ఫై పుస్తకాలకి పదిమంది విద్యార్థులకో ప్రతి, పైన బయటికి ఇవ్వని ప్రతి ఒకటి. మిగిలినవన్నీ ఒక్కో ప్రతి. పరిచయ పాఠ్యపుస్తకాలు పదిహేను శీర్షికలు కాకుండా మంచివి మూడింటిని ఎంచి వాటికే ప్రతులు పెంచండి. ఆ మిగులుతో మూలగ్రంథాలు వస్తాయి.

పట్టిక అడిగేటప్పుడు అధ్యాపకులని పుస్తకాల పేర్లు అడగకండి. ‘మీ పిల్లలు ఏ అంశం దగ్గర తడబడుతున్నారు? ఈ ఏడు డిస్సర్టేషన్లు దేని మీద రావచ్చు?’ అని అడగండి. నేను ఇలా అడిగిన మొదటిసారి ఒక సార్ గంటన్నర మాట్లాడారు. అంతకుముందు మూడేళ్ళుగా పట్టిక ప్యూన్ చేతికిచ్చి పంపిన మనిషే.

ఒక హెచ్చరిక కూడా. నిధులన్నీ మొదటి ఏడే ఖర్చుపెట్టకండి. నిబంధనలు ఒప్పుకుంటే మూడోవంతు ఆపుకోండి. మొదటి బ్యాచ్ చదవడం మొదలుపెట్టాకే అసలు ఖాళీలు బయటపడతాయి. కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టి, అడిగినా దొరకని పుస్తకాల పేర్లు రాయించండి. నా దగ్గర అలాంటివి పదకొండు నోట్‌బుక్కులు పోగయ్యాయి. ఏ కమిటీ పట్టికా వాటికి సాటి రాలేదు.

ప్రశ్న: మాకు సోషియాలజీ పుస్తకాలు చాలానే ఉన్నాయి. అయినా విద్యార్థులు ‘301 దగ్గర ఏమీ లేవు’ అని ఫిర్యాదు చేస్తున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: పిల్లలు అబద్ధం చెప్పడం లేదు, మీరూ చెప్పడం లేదు. పుస్తకాలకి అంశాన్ని బట్టి అంకెలు వేసే డ్యూయీ వర్గీకరణలో సమాజశాస్త్రానికి 301 నుంచి 307 దాకా చోటుంది. కానీ సోషియాలజీ విద్యార్థి చదవవలసినది ఆ ఏడంకెల్లో ఇమడదు. దుర్ఖైమ్ ‘సూయిసైడ్’ 362.28కి పోయి సంక్షేమ సేవల మధ్య కూర్చుంటుంది. వెబర్ ‘ప్రొటెస్టెంట్ ఎథిక్’ కొన్ని లైబ్రరీల్లో 306.6 దగ్గరుంటే, మరికొన్నిట్లో 261లో క్రైస్తవ మత గ్రంథాల నడుమ ఉంటుంది. విద్య మీది సోషియాలజీ సగం 306.43లో, సగం 370లో. కార్మికుల మీదివి 331లో, నేరం మీదివి 364లో. గణాంకాలు నేర్పే పుస్తకం కావాలంటే 519.5 దాకా నడవాలి, అది మరో అంతస్తులో ఉన్నా ఉండొచ్చు. సమాజం గురించిన శాస్త్రం కాబట్టి సమాజంలో ఎన్ని వ్యవహారాలున్నాయో అన్ని అరలకీ చెదిరింది.

ఆ పుస్తకాలన్నీ పీకి ఒకచోట పెట్టాలన్న ఆలోచన వస్తుంది. అది చెయ్యకండి. ‘సూయిసైడ్’ను 362.28లో ఉంచితే అక్కడికి వచ్చే సోషల్ వర్క్ విద్యార్థి కంటపడుతుంది, అదీ అవసరమే. నేను చేసింది వేరు. ఒక్కో పేపర్‌కి ఒక పేజీ దారిపటం తయారుచేశాను. ‘మతం, సమాజం: మొదట 306.6 చూడండి, తర్వాత 200లు, తర్వాత ఫలానా జర్నల్’ అన్నట్టు. 301 అర చివర ఒక చెక్కపలక తగిలించి దాని మీద అతికించాను. క్యాటలాగులో విషయ శీర్షికలు (పుస్తకం దేని గురించో చెప్పే మాటలు) కూడా సరిచూడండి. ఒక్క శీర్షికతో సరిపెట్టిన రికార్డులు చాలా ఉంటాయి, రెండో మూడో చేర్చండి. పాఠకుడి కాలం ఆదా చెయ్యమని మన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే సూత్రం రాసిపెట్టారు. సోషియాలజీ అరల దగ్గర ఆ సూత్రం విలువ నాకు ప్రతి జూనియర్ బ్యాచ్‌తోనూ కొత్తగా తెలిసొచ్చేది.

ఇంకొకటి. మొదటి సెమిస్టర్‌లో పిల్లలని అరల మధ్య నడిపించండి. తెర మీద స్లైడ్లు వద్దు, నడిపించండి. నలభై నిమిషాలు చాలు. ఒకే ప్రశ్న ఇవ్వండి, ‘నిరుద్యోగం మనిషిని ఏం చేస్తుంది?’ లాంటిది. దాని కోసం ఎన్ని అరల దగ్గర ఆగవలసి వస్తుందో కాళ్ళతో తెలుసుకుంటారు.

ప్రశ్న: అన్నీ ఈ-బుక్కులే కొంటే స్థలం మిగులుతుంది కదా?

జవాబు: స్థలం మిగులుతుంది. కానీ లైసెన్స్ చదవండి. ఒకసారికి ఒక్కరే తెరిచే లైసెన్స్ కొని నలభైమంది క్లాసుకి ఇస్తే, పరీక్ష ముందు రాత్రి ముప్ఫై తొమ్మిది మందికి తెర మీద ‘వేచి ఉండండి’ అని వస్తుంది. ఏడాది చందా మీద వచ్చే ప్యాకేజీల్లోంచి పుస్తకాలు చెప్పాపెట్టకుండా తొలగిపోతుంటాయి కూడా. వ్యాసాల సంపుటాలు, హ్యాండ్‌బుక్కులు, జర్నళ్ళు తెర మీద బాగుంటాయి, ఒక అధ్యాయం చదివి వదిలేసేవి కాబట్టి. క్షేత్ర పరిశోధన గ్రంథాలు, సిద్ధాంత గ్రంథాలు మొదటి నుంచి చివరిదాకా చదవాల్సినవి. అవి కాగితం మీద ఉండాలనే నా పట్టు.

ప్రశ్న: నేను ఎంఏ రెండో ఏడు చదువుతున్నాను, మేడమ్. మా లైబ్రరీ సిద్ధాంతాల అరలో ఉన్నవాళ్ళంతా యూరప్, అమెరికా మగవాళ్ళే. ఈ శాస్త్రం మిగతావాళ్ళెవరూ రాయలేదా?

జవాబు: రాశారమ్మా. కొననిది మేము. ఆ తప్పు నా తరం లైబ్రేరియన్లది, అందులో నాకూ వాటా ఉంది.

హారియట్ మార్టినో పేరు వినే ఉంటావు, సోషియాలజీకి ఆ పేరు వ్యాప్తిలోకి తెచ్చిన ఫ్రెంచ్ తత్త్వవేత్త ఓగస్ట్ కోమ్ట్‌ని ఇంగ్లిష్‌లోకి తెచ్చిన ఆవిడగా. 1853లో ఆవిడ కుదించి చేసిన ఆ అనువాదం కోమ్ట్‌కే ఎంత నచ్చిందంటే, తన మూలానికి బదులు దాన్నే చదవమని సిఫార్సు చేశాడు. దాన్ని తిరిగి ఫ్రెంచ్‌లోకి కూడా మార్చారు. కానీ అంతకు పదిహేనేళ్ళ ముందే, 1838లో, ఒక సమాజాన్ని చూసేవాళ్ళు ఏం చూడాలి, ఎలా చూడాలి అని ఆవిడ సొంతంగా ఒక పుస్తకం రాసింది. దుర్ఖైమ్ పద్ధతుల పుస్తకం వచ్చింది 1895లో. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదువు.

అమెరికా నల్లజాతి సమాజశాస్త్రవేత్త డుబాయిస్ 1896లో ఫిలడెల్ఫియా ఏడో వార్డులో ఇంటింటికీ తిరిగి నల్లజాతి కుటుంబాల జీవితం నమోదు చేశాడు. పటం గీసి ఇళ్ళకి స్థితిగతుల్ని బట్టి రంగులు వేశాడు. 1899లో ‘ది ఫిలడెల్ఫియా నీగ్రో’గా అచ్చయింది. నగరాన్ని క్షేత్రంగా తీసుకున్న పరిశోధనకి షికాగో విశ్వవిద్యాలయం పేరే ముందు చెబుతారు. తేదీలు చూస్తే డుబాయిస్ ముందున్నాడు. మా లైబ్రరీలో ఆ పుస్తకం చాలాకాలం చరిత్ర విభాగంలో ఉండేది. సోషియాలజీ పిల్లలు దాని జోలికే పోలేదు. క్యాటలాగులో ఒక్క విషయ శీర్షిక చేర్చాక రెండు సెమిస్టర్లలోనే బైండింగ్ ఊడేంతగా నలిగింది.

ఇంకా వెనక్కి వెళ్తే ఉత్తర ఆఫ్రికాకి చెందిన అరబ్ పండితుడు ఇబ్న్ ఖల్దూన్ ‘ముఖద్దిమా’ ఉంది. 1377లో రాశాడు. మనుషుల్ని గుంపుగా కట్టి ఉంచే బలం ఎలా పుడుతుంది, అధికారంలో కూర్చున్న కొన్ని తరాలకి ఎలా సడలిపోతుంది అన్నది అందులో వాదం. రోజెంతాల్ చేసిన ఇంగ్లిష్ అనువాదం 1958లో మూడు సంపుటాలుగా వచ్చింది. కులం మీద అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో వ్యాసం చదివింది 1916 మే నెలలో. స్వకుల వివాహమే కులానికి మూలమని, విధవరాలినీ, పెళ్ళికాని పిల్లనీ, భార్య పోయిన మగవాణ్ణీ సమాజం ఏం చేసిందో చూస్తూ వాదం నడిపాడు. అప్పటికి ఆయన విద్యార్థి. పాతికేళ్ళు కొత్తగా నిండాయి. నీ ఈడువాడే అనుకో.

లైబ్రేరియన్ దగ్గరికి ఉత్త ఫిర్యాదుతో వెళ్ళకు. పది పుస్తకాల పేర్లు, ముద్రణ వివరాలు, ఒక్కోటి ఏ పేపర్‌కి పనికొస్తుందో రెండేసి వాక్యాలు రాసి, ఒక అధ్యాపకుడి సంతకంతో ఇవ్వు. అలాంటి కాగితాన్ని పక్కన పెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. ‘ఇతరులు’ అని వేరే అర మాత్రం పెట్టనివ్వకు. మార్టినో కోమ్ట్ పక్కనే ఉండాలి, డుబాయిస్ వెబర్ పక్కనే.

ప్రశ్న: మా విద్యార్థులు డిగ్రీ దాకా మాతృభాషలో చదివినవాళ్ళు. మూలగ్రంథాలు కొంటే ముట్టుకోరు. గైడ్లే అడుగుతారు. కొని ఏం లాభం?

జవాబు: గైడు అడిగే పిల్లవాడి మీద నాకు కోపం రాదు. లోతు తెలియని నీళ్ళలో దిగేముందు ఎవరైనా ఒడ్డు పట్టుకుంటారు. వాళ్ళ కోసం మధ్యమెట్లు వెయ్యాలి. మూలగ్రంథం, దాని మీద తేట ఇంగ్లిష్‌లో వచ్చిన చిన్న పరిచయం, సోషియాలజీ నిఘంటువు, మాతృభాషలో ఆ విషయం మీద వచ్చిన వ్యాసం, నాలుగూ అందుబాటులో ఉంచండి. మాతృభాషలో విశ్వవిద్యాలయాలూ అకాడమీలూ వేసిన పాత పాఠ్యపుస్తకాలు పారిభాషిక పదాలకి నేటికీ పనికొస్తాయి. వాటి ముద్రణలు ఆగిపోయి ఉంటే ఉన్న ప్రతుల్ని స్కాన్ చేయించే అనుమతి కోసం ప్రచురణకర్తకి రాయండి.

మొదట చేతికివ్వాల్సిన మూలగ్రంథం సిద్ధాంతానిది కాకూడదని నా అనుభవం. మనుషులు కనిపించేది ఇవ్వండి. థామస్, జ్నానియెట్స్కీ కలిసి 1918 నుంచి 1920 మధ్య ఐదు సంపుటాలుగా తెచ్చిన పోలిష్ రైతుల అధ్యయనంలో కుటుంబాలు రాసుకున్న ఉత్తరాలు వందలకొద్దీ ఉన్నాయి. వలస వెళ్ళిన కొడుక్కి తల్లి రాసిన ఉత్తరం ఏ భాష పిల్లలకైనా అర్థమవుతుంది. ఒక్క సంపుటంగా కుదించిన ముద్రణల్లో ఆ ఉత్తరాలు చాలామటుకు ఉండవు, చూసి కొనండి.

ప్రశ్న: అరలు నిండిపోయాయి. పాతవి తీసేద్దామంటే ఒక సీనియర్ ప్రొఫెసర్ ఒప్పుకోవడం లేదు. ఎవరిది సరి?

జవాబు: సగం ఆయనది, సగం మీది. వైద్యంలో ఇరవై ఏళ్ళ పాఠ్యపుస్తకం ప్రమాదం. సోషియాలజీలో అలా కాదు. ఇక్కడ పాత పుస్తకం పనికిమాలినది కావడం కంటే సాక్ష్యంగా మారడమే ఎక్కువ. యాభై ఏళ్ళ కిందటి కుటుంబ సర్వే ఇప్పటి కుటుంబాల గురించి చెప్పదు, కానీ అప్పటి పరిశోధకులు ఏ ప్రశ్నలు అడిగారో, ఏవి అడగాలని తోచలేదో చెబుతుంది. దాన్ని తీసేస్తే మళ్ళీ దొరకదు.

తీసేయవలసినవి ఉన్నాయి. ఒకే పాఠ్యపుస్తకం మూడు, నాలుగు, ఐదు, ఆరు ముద్రణలుంటే మొదటిదీ చివరిదీ ఉంచి మధ్యవి తీసేయండి. సాఫ్ట్‌వేర్ వాడకం నేర్పే పుస్తకాలు పాతబడితే నిర్మొహమాటంగా తీసేయండి. పోటీ పరీక్షల గైడ్ల పాత సంచికలూ అంతే. ఇక జర్నళ్ళ సంగతి. ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ సోషియాలజీ’ 1895 నుంచి, ‘అమెరికన్ సోషియలాజికల్ రివ్యూ’ 1936 నుంచి వస్తున్నాయి. పాత సంచికలకి జేస్టోర్ లాంటి డిజిటల్ భాండాగారాల చందా ఉంటే బైండు సంపుటాలు కదిలించొచ్చు. జేస్టోర్ 1995లో మొదలైందే లైబ్రరీల్లో పాత జర్నళ్ళకి చోటు చాలక. కానీ చందా ఆగిపోయినా పాతవి చూసే హక్కు మిగులుతుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే లారీ పిలవండి. నేను ఒకసారి అడక్కుండా సంపుటాలు పంపించేశాను. రెండేళ్ళకి నిధులు తగ్గి ఆ డేటాబేస్ ఆపేశారు. ఒక పరిశోధక విద్యార్థి పాత సంచిక కోసం వచ్చినప్పుడు ఆయనకి చూపించడానికి నా దగ్గర ఖాళీ అరలే ఉన్నాయి. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

తీసే ముందు జాబితాను శాఖలో నెల రోజులు పెట్టండి. ప్రొఫెసర్‌గారిని పిలిచి అరల దగ్గరే కూర్చోబెట్టండి. జాబితాలో వద్దన్నవాళ్ళే పుస్తకం చేతిలోకి తీసుకున్నాక ‘ఇది తీసేయొచ్చు’ అంటారు.

ప్రశ్న: సర్వే డేటా ఇవ్వడం కూడా లైబ్రరీ పనేనా? మాకు పుస్తకాలతోనే సరిపోతోంది.

జవాబు: మొదటి జవాబులో చెప్పిన దారి చివర ఉండేది డేటానే కాబట్టి, మన పనే. పైగా ఇందులో ఎక్కువ భాగం ఉచితం. అమెరికాలో 1972 నుంచి నడుస్తున్న జనరల్ సోషల్ సర్వే, 1981లో మొదలైన వరల్డ్ వాల్యూస్ సర్వే, రెండింటి డేటానూ విద్యార్థి తన కంప్యూటర్‌లోకి దింపుకోవచ్చు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1962లో పుట్టిన ఐసీపీఎస్ఆర్ భాండాగారంలో కొంత సభ్యసంస్థలకే, కొంత అందరికీ. మీరు చెయ్యాల్సింది పేజీ తయారుచెయ్యడం, ప్రశ్నావళి, కోడ్‌బుక్ (డేటాలోని అంకెలకి అర్థం చెప్పే పుస్తకం) ఎలా చదవాలో నేర్పే సిబ్బందిని ఒకరినైనా తయారుచెయ్యడం.

డేటా అంటే పెద్ద సర్వేలే అనుకోకండి. వియన్నా దగ్గర మరీన్‌తాల్ అనే ఊళ్ళో బట్టల మిల్లు మూతపడ్డాక జహోదా, లజార్స్‌ఫెల్డ్, జైసెల్ బృందం అక్కడి నిరుద్యోగుల్ని చూసింది. 1933లో పుస్తకం వచ్చింది, ఇంగ్లిష్‌లో 1971లో. వాళ్ళు వీధిలో మనుషులు ఎంత వేగంతో నడుస్తున్నారో గడియారం పట్టి లెక్కగట్టారు. ఊరి లైబ్రరీ రిజిస్టర్ కూడా చూశారు. చేతినిండా తీరిక ఉంది, పుస్తకానికి రుసుము కూడా ఎత్తేశారు, అయినా 1929 నుంచి 1931కి పుస్తకాలు తీసుకెళ్ళడం దాదాపు సగానికి పడిపోయింది. పనిలేని తీరిక మనిషి చేతిలోంచి పుస్తకాన్ని కూడా లాగేసుకుంటుందని ఒక ఇష్యూ రిజిస్టర్ చెప్పింది. అందుకే మన పాత రిజిస్టర్లు కూడా చెత్తలో వెయ్యకండి. పేర్లు బయటపడకుండా లెక్కలు తీసి దాచండి.

ప్రశ్న: సోషియాలజీ చెప్పి రిటైరయ్యాను. నా దగ్గర వెయ్యికి పైగా పుస్తకాలున్నాయి. విశ్వవిద్యాలయానికి ఇద్దామంటే లైబ్రరీ వాళ్ళు అంత ఉత్సాహం చూపడం లేదు. బాధగా ఉంది.

జవాబు: అయ్యా, మీ బాధ అర్థమవుతోంది. వాళ్ళ ఇబ్బంది కూడా చెబుతాను. మీ వెయ్యిలో చాలావాటికి వాళ్ళ దగ్గర ఇప్పటికే ప్రతులుంటాయి. ప్రతి పుస్తకాన్నీ సరిచూసి, నంబరు వేసి, అరలో పెట్టడానికి మనిషి పని పడుతుంది. ముందు జాబితా పంపండి. లేనివాటిని వాళ్ళే అడిగి తీసుకుంటారు.

కానీ మీ ఇంట్లో పుస్తకాల కంటే విలువైనవి ఉండి ఉంటాయి. క్షేత్రానికి వెళ్ళినప్పటి నోట్‌బుక్కులు, నింపిన ప్రశ్నావళులు, ఇంటర్వ్యూల టేపులు, సంఘాలూ యూనియన్లూ పంచిన కరపత్రాలు, అచ్చుకాని నివేదికలు. ఇవి ఏ ప్రచురణకర్త దగ్గరా దొరకవు. సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ కర్ణాటకలోని రాంపుర గ్రామం మీద ఏళ్ళ తరబడి శుద్ధి చేసి రాసుకున్న నోట్సు మూడు ప్రతులూ 1970లో స్టాన్‌ఫర్డ్‌లో తాను పనిచేస్తున్న కేంద్రానికి నిప్పు పెట్టినప్పుడు కాలిపోయాయి. మూడూ ఒకే చోట ఉన్నాయి. ఆయన జ్ఞాపకం మీద ఆధారపడి రాసిన ‘ద రిమెంబర్డ్ విలేజ్’ 1976లో వచ్చింది. గొప్ప పుస్తకమే. ఆ నోట్సు ఉండి ఉంటే మరో పుస్తకం కూడా ఉండేదని నేను అనుకుంటూ ఉంటాను.

కాబట్టి పెట్టెలు లైబ్రరీకి పంపేముందు స్కాన్ చేయించి ఒక ప్రతి వేరే భవనంలో ఉంచమని షరతు పెట్టండి. మీతో నమ్మకంగా మాట్లాడినవాళ్ళ పేర్లు ఎన్నేళ్ళ దాకా మూసి ఉంచాలో మీరే నిర్ణయించి కాగితం మీద రాసివ్వండి, లైబ్రేరియన్‌కి ఆ సంగతి తెలియదు. ఒక్కో పెట్టె మీద ఏ ఏడు, ఏ ఊరు, ఎవరెవరు కలిసి వెళ్ళారు, ప్రశ్నావళిలో మీరు వాడిన సంకేతాలకి అర్థమేమిటి అన్నవి రాయండి. ఆ సంకేతాలు చదవగలిగేది ఇప్పుడు మీరొక్కరే. పుస్తకాల జాబితా తర్వాత చూద్దాం, ముందు ఈ చీటీలు మొదలుపెట్టండి.